డీఓఐ తెరుచుకుంటే సైటేషన్ సరైనట్టేనా?

"డీఓఐ ఉంది, జొటెరో ఉంది, పైగా పీర్ రివ్యూ కూడా అయింది. కౌన్సెలింగ్ జర్నళ్లలో ఇంకా సైటేషన్ తప్పులెక్కడివి?" రీసెర్చ్ స్కాలర్ల మధ్య బాగా తిరుగుతున్న మాట ఇది. (డీఓఐ అంటే ఒక్కో పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు లింకు, జొటెరో రిఫరెన్సులు దాచి పేర్చే సాఫ్ట్‌వేర్, పీర్ రివ్యూ అంటే అచ్చుకు ముందు అదే రంగం వాళ్లు చేసే పరిశీలన.) విడివిడిగా చూస్తే ఏ ముక్కా నిలబడదు.

"డీఓఐ ఉంటే వివరాలన్నీ సరైనవే."

డీఓఐ పని మిమ్మల్ని పేపర్ దగ్గరికి చేర్చడం వరకే. దాంతోపాటు దిగే పేర్లు, సంవత్సరం, పేజీలు ప్రచురణకర్త, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకి ఇచ్చినవి. 2019లో ముందుగా ఆన్‌లైన్‌లో వచ్చి 2020 సంచికలో చేరిన పేపర్‌కి రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. సంచికలో చేరాక 2020 వేయాలి. మొదట్లో పేజీలు లేకుండా దించుకున్న రికార్డు మాత్రం జొటెరోలో అలాగే పడి ఉంటుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మన రచయితలది మరో తంటా. చివరి మాటనే సాఫ్ట్‌వేర్ ఇంటిపేరనుకుంటుంది. పేపర్‌లో పేరు ఎలా అచ్చయిందో చూసి చేత్తో దిద్దాల్సిందే.

"ఏపీఏ స్టైల్ ఎంచుకుంటే చాలు."

ఏపీఏ అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన రిఫరెన్సుల పద్ధతి. అందులో ఏ ఎడిషన్? ఆరోదానిలో ఏడుగురు రచయితల వరకే అందరి పేర్లూ ఇస్తారు, ఏడోదానిలో 20 మంది వరకు. పుస్తకాలకు ప్రచురణ ఊరు ఏడోదానిలో తీసేశారు.

"పీర్ రివ్యూలో దొరికిపోతాయి."

అసలు చిక్కు ఇక్కడే. రివ్యూయర్లు పద్ధతి, విశ్లేషణ చూస్తారు గానీ ప్రతి రిఫరెన్సూ తెరిచి చదవడం అరుదు. 1992లో సైకోథెరపీ పరిశోధకుడు మైకేల్ లాంబర్ట్ ఒక అంచనా ఇచ్చారు: క్లయింట్ మెరుగుపడటంలో థెరపీ బయటి కారణాలు 40 శాతం, థెరపిస్టుతో సంబంధం 30, నయమవుతుందన్న ఆశ 15, టెక్నిక్ 15. ఈ శాతాలు ఏ గణాంక పద్ధతితోనూ తేల్చినవి కావని ఆయనే రాశారు. అయినా వాటిని లెక్కగట్టి తేల్చిన ఫలితాల్లా వాడేవాళ్లున్నారు. అలాంటి చోట రిఫరెన్సులో కామా కూడా తప్పు ఉండదు, తప్పంతా వాక్యంలోనే. వ్యసనాల కౌన్సెలింగ్‌కి దగ్గరి ఉదాహరణ ఇంకొకటి: ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మందులకు బానిసవడం అరుదంటూ 1980లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఐదు వాక్యాల ఉత్తరం. అది ఆసుపత్రిలో చేరిన రోగుల గురించి మాత్రమే. 2017లో లెక్కతీస్తే దాన్ని ఉదహరించిన 608 పేపర్లలో దాదాపు 72 శాతం, వ్యసనం అరుదనడానికి దాన్నే సాక్ష్యంగా చూపాయి.

కాబట్టి అంకె ఉన్న ప్రతి వాక్యానికీ మూలం తెరిచి, ఆ అంకె ఏ పేజీలో, ఎవరి గురించి, ఎలా వచ్చిందో చూడండి. మూలం దొరక్కపోతే మీరు చదివిన పేపర్‌నే రిఫరెన్సుల్లో పెట్టి, అందులో ఉదహరించారని వాక్యంలో చెప్పండి. వెనక్కి తీసుకున్న పేపర్లను జొటెరో ఎర్ర పట్టీతో చూపిస్తుంది. సబ్మిట్ చేసే ముందు ఓసారి అదీ చూడండి. డీఓఐ చివర చుక్క పెట్టకండి, లింకు తెగుతుంది.