పార్టీ కండువా గారికి ఓ ఓటరు రాయునది

కండువా గారికి నమస్కారాలు.

మీరు క్షేమమేనని తెలుసు. ఏ మెడలో ఉన్నా క్షేమంగా ఉండటం మీకు అలవాటే.

మీ స్పీడు చూస్తే నాకు అసూయ. ఇల్లు మారితే నేను ఫారం 8 నింపి, ఆధారాలు జతచేసి, ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ గారి కోసం ఎదురుచూడాలి. ఎమ్మెల్యే గారు పార్టీ మారడానికి మీరూ ఒక ఫొటోగ్రాఫరూ చాలు. తాళికైనా మూడు ముళ్లుంటాయి, మీకు ఒక్కటీ లేదాయె.

మీ మీద చట్టం లేదని కాదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావు నెల రోజులు ముఖ్యమంత్రిగా కూర్చున్నారు. ఎన్టీఆర్ వర్గం తన ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే పార్లమెంటు, పార్టీ మారినవాళ్ల పదవి ఊడగొట్టే పదో షెడ్యూలును రాజ్యాంగంలోకి తెచ్చింది. కానీ మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే దాన్ని విలీనం అనుకోవచ్చట. ఒక్కరు గోడ దూకితే నేరం, గోడే పడిపోయేంత మంది దూకితే చట్టబద్ధం!

ఆంధ్రలో 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు పసుపు కండువా కప్పుకుంటే, నలుగురికి మంత్రి పదవులే వచ్చాయి. 2019లో టీడీపీకి మిగిలినవి సరిగ్గా 23 సీట్లు. అదే ఏడాది తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. మూడింట రెండొంతుల లెక్కకు ఒక్కరూ తగ్గలేదు, ఒక్కరూ ఎక్కువ కాలేదు. ఆ విలీనాన్ని గుర్తించిన స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి గారింటికే 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి, ఆయన మెడలో మిమ్మల్ని వేసి వెళ్లారు. మీకు కృతజ్ఞత ఉందండోయ్.

అయితే మీ అసలు మహిమ మాయమవడంలో ఉంది. టీవీలో రాష్ట్రమంతా మిమ్మల్ని చూస్తుంది. తీరా పార్టీ మారారా లేదా అని స్పీకర్ విచారణ మొదలయ్యేసరికి మీరు కనబడరు. నియోజకవర్గ అభివృద్ధి కోసం మర్యాదపూర్వకంగా కలిశారు, అంతే! ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు, అదే నా బాధ. ప్రతిపక్ష ఎమ్మెల్యే ఊళ్లో రోడ్డుకి నిధులు రావు, శంకుస్థాపనకు పిలుపూ రాదు. మిమ్మల్ని కప్పుకున్నవాళ్లను తిడతాం గానీ, కప్పుకోకపోతే పని జరగని ఏర్పాటు చేసినవాళ్లను ఎవరూ అడగరు.

బీఆర్‌ఎస్ (అప్పటి టీఆర్‌ఎస్సే) నుంచి కాంగ్రెస్‌లోకి వెళ్లారన్న పది మంది ఎమ్మెల్యేల అనర్హత సంగతి మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న తెలంగాణ స్పీకర్‌కు చెప్పింది. డిసెంబరు వచ్చాక, ఐదుగురు పార్టీ మారారనడానికి ఆధారాల్లేవని స్పీకర్ పిటిషన్లు కొట్టేశారు. ఆ పది మందిలో దానం నాగేందర్ గారైతే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ నుంచి చేతి గుర్తు మీద లోక్‌సభకు పోటీ చేశారు. ఈవీఎం మీద ఆ గుర్తు పక్కన ఆయన పేరు లక్షల మందికి కనబడింది.

ఒక్క మనవి. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో ఆస్తులు, అప్పులు, కేసులు రాస్తారు కదా. ఇంతవరకు కప్పుకున్న కండువాల కోసం కూడా ఒక గడి పెట్టించండి. కొందరికి అదనపు కాగితాలు కావాల్సి వస్తుంది, ఆ ఖర్చు మేము భరిస్తాం.

ఇట్లు,
మీరు ఏ రంగులో వచ్చినా వేలికి అదే సిరా పూయించుకునే
ఒక ఓటరు