మా అమ్మ మడమ, తారగారి క్రీము

మన తారలకు ఈ మధ్య కొత్త జబ్బు పట్టుకుంది. ఎవరో చేసిన సబ్బు పట్టుకుని నవ్వితే వచ్చే డబ్బు చాలక, సొంతంగా సీసాలు కనిపెడుతున్నారు. కనిపెట్టి ఊరుకోరు. తెల్లచొక్కా వేసుకుని, కిటికీ పక్కన కూర్చుని, కళ్లు కాస్త తడి చేసుకుని ‘ఇది నాకు బిజినెస్ కాదు, నా ప్రయాణం’ అంటారు. ప్రయాణం వాళ్లదైతే టికెట్టు మనమెందుకు కొనాలో చెప్పరు.

2022 నవంబరులో దీపికా పడుకోన్ ‘82 ఈస్ట్’ అని ఒక బ్రాండు పెట్టారు. మన గడియారాలన్నీ నడిచే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని తలుచుకుని పెట్టిన పేరది. ఆ రేఖ మన కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. పాపం, కాజాకు మాత్రం ఆ రేటు రాలేదు. మొదట్లో వాళ్ల అశ్వగంధ క్రీము 50 మిల్లీలీటర్లు 2,700 రూపాయలు, అంటే లీటరు 54 వేలు. అశ్వగంధ అంటే కంగారు పడకండి, మన పెన్నేరు గడ్డే.

మా అక్క కూతురూ ఇలాంటి తార క్రీమొకటి తెప్పించింది. ఏ తారదో చెప్పను, ఇంట్లో గొడవ చాలు. అట్టపెట్టె, అందులో ఇంకో పెట్టె, అందులో రంగు కాగితాలు, తారగారి చేతిరాత అచ్చేసిన ప్రేమలేఖ. అన్నిటికీ అడుగున కుంకుమ భరిణె అంత డబ్బా. పిల్ల కాలేజీకి వెళ్లగానే మా అమ్మ మూత తీసి, వాసన చూసి, పగుళ్ల మందనుకుంది. ఎడమ మడమకు పట్టించింది. పట్టించడమంటే అలా ఇలా కాదు, ఒక్కో పగులులో వేలితో కూరింది. సాయంత్రం పిల్ల ఒకటే ఏడుపు.

‘అమ్మమ్మా, అది మొహానికే!’

‘మొహానికి సున్నిపిండి లేదుటే?’

సరే, క్రీము పోయింది, మడమ మెరిసింది. నాకు మండేది ఇంకోచోట. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద మియాపూర్ పోలీసులు 25 మంది నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసు పెట్టారు. తాము ప్రచారం చేసింది జూదం కాదు, నైపుణ్యం ఆటేనని కొందరు, కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయిందని కొందరు అన్నారు. కాంట్రాక్టు అయిపోయింది సరే, ఆడినవాడి అప్పు అయిపోయిందా? మీ మొహం చూసి యాప్ నొక్కి, పొలం అమ్ముకున్నవాడికి ఏ లాయరు నోట్ రాసిస్తాడు? 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనలో కనబడితే మొదటిసారి జరిమానా 10 లక్షల దాకా. ముందే వాకబు చేశానని చూపిస్తే అదీ లేదు. యాడ్‌కు కోట్లు పుచ్చుకునేవాడికి పది లక్షలా! సిగ్గుండాలి. అమ్మేటప్పుడు మన ఇంటి మనిషి, కేసు రాగానే వట్టి నటుడు.

ఇది రాస్తుంటే అమ్మ లోపల్నుంచి కేకేసింది, ఆ డబ్బాలో ఇంకేమన్నా మిగిలిందా అని. కుడి మడమ అలాగే ఉండిపోయిందట.