తొమ్మిదేళ్ళ కొత్త బూట్లు

నాకు గోల్ఫ్ రాదు. ఈ ఒక్క ముక్క 2016లోనే చెప్పేసి ఉంటే ఇప్పుడిది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ ఏడు మా తోడల్లుడు డాలస్ నుంచి సెలవులకి వచ్చారు. మా ఆవిడ అక్కగారి భర్త, నాకు వరసకి అన్నయ్య. వయసులో పదేళ్ళు పెద్ద, ఉద్యోగంలో ఎంత పెద్దో నాకిప్పటికీ అంతుపట్టలేదు. సూట్‌కేసు విప్పితే అందరికీ మామూలు సరుకే: పిల్లలకి చాక్లెట్లు, ఆడవాళ్ళకి హ్యాండ్ బ్యాగులు, మూడు కిలోల బాదం పప్పు. నాకు మాత్రం ఒక అట్టపెట్టె. తీసి చూస్తే మల్లెపువ్వుల్లాంటి తెల్ల బూట్లు, కింద పల్లేరు కాయల్లా ప్లాస్టిక్ ముళ్ళు.

"గోల్ఫ్ బూట్లు తమ్ముడూ. బ్యాంకు ఆఫీసరువి, నాలుగు పెద్ద పరిచయాలు కావాలంటే ఇదే దారి" అన్నారు.

ఆయన రాకముందే ఫోన్లో నా సైజు అడిగారు. ఎనిమిదన్నాను. మన దగ్గర బూట్ల సైజు ఇంగ్లండు లెక్క. అమెరికాలో మగవాళ్ళ సైజు దాదాపు ఒక అంకె ఎక్కువ పలుకుతుంది. అంటే నా ఎనిమిది వాళ్ళకి తొమ్మిది. ఆయన నా మాట మీద గౌరవంతో అమెరికా ఎనిమిదే తెచ్చారు. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం, మధ్యలో నా బొటనవేలు మడత పడింది. అయినా అంత దూరం నుంచి మోసుకొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి "ఎలా ఉన్నాయి?" అంటే బిగుతని ఎవరంటారు? "అచ్చు కొలిచి కుట్టించినట్టున్నాయి అన్నయ్యగారూ" అన్నాను. ఆయన విమానం ఎక్కిన సాయంత్రమే బూట్లు అటకెక్కాయి.

ఇక్కడితో ఆగితే బాగుండేది. సంక్రాంతికీ ఉగాదికీ ఫోన్ చేసినప్పుడల్లా ఆయన "బూట్లు వాడుతున్నావా?" అని అడిగేవారు. "వాడకేం, ప్రతి ఆదివారం" అనేవాణ్ణి. ఫోన్లో ఆడే గోల్ఫ్‌కి ఖర్చేముంది! ఒకసారి మాత్రం "నీ హ్యాండిక్యాప్ ఎంత?" అన్నారు. ఇదేం ప్రశ్నరా బాబూ అనుకుని, "దేవుడి దయ వల్ల అలాంటివేమీ లేవండీ" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "సున్నానా!" అన్నారు చివరికి, గొంతు మారిపోయి.

ఆ నిశ్శబ్దానికి అర్థం ఏళ్ళ తర్వాత మా అమ్మాయి చెప్పింది. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే వెసులుబాటు అంకెట. అది ఎంత తక్కువుంటే అంత మొనగాడు. సున్నా అంటే అమెచ్యూర్లలో ఆరితేరినవాడన్న మాట. డాలస్‌లో మా అన్నయ్యగారిది ఇరవై రెండు.

మొన్న ఆగస్టులో ఆయన మళ్ళీ వచ్చారు. వచ్చిన రెండో రోజు పూరీ తింటూ, "ఆదివారం పొద్దున్నే ఆరింటికి టీ టైమ్ తీసుకున్నాను తమ్ముడూ" అన్నారు. టీ టైమ్ అంటే టీ తాగే టైమేనని సంబరంగా తలూపాను. మొదటి బంతి కొట్టే వేళని అలా అంటారట.

శనివారమంతా మా ఇంట్లో పాదరక్షల మీద పెద్ద చర్చ. నా దగ్గరున్నవి ఆఫీసు బూట్లు, నడకకి వాడే స్పోర్ట్స్ షూస్, రెండు జతల చెప్పులు. స్పోర్ట్స్ షూస్ చాలవా అన్నాను. మా అమ్మాయి అప్పటికే ఫోన్లో అంతా చదివేసింది. "నాన్నా, పరిగెత్తే బూటు మడమ దగ్గర ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. ముందుకు పోవడానికి చేసింది అది. గోల్ఫ్‌లో మనిషి ఉన్నచోటే తిరుగుతాడు. కర్ర వెనక్కెత్తినప్పుడు బరువు కుడికాలి మీద, కొట్టేసరికి ఎడమకాలి మీద. బూటు పక్కలకి ఒరక్కూడదు, నేల మీద జారకూడదు" అంది. దీన్ని పరీక్షిద్దామని స్పోర్ట్స్ షూస్ తొడిగి, హాల్లో బూజు కర్ర పట్టుకుని ఒక్క ఊపు ఊపాను. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు. కర్ర ఫ్యాను రెక్కకి తగిలింది, నేను సోఫాకి తగిలాను. మా అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేం లేదు.

"చెప్పుల్లేకుండా ఆడితేనో?" అన్నాను సోఫాలోంచే. సామ్ స్నీడ్ అనే మహా ఆటగాడు 1942లో అమెరికాలోని అగస్టా గోల్ఫ్ కోర్సులో ఒట్టికాళ్ళతో ప్రాక్టీసు చేశాడని కూడా అమ్మాయే చదివి వినిపించింది మరి. మా ఆవిడ వంటింట్లోంచి ఒకే మాట అంది. "ఆయనకి ఆట వచ్చు."

సాయంత్రం స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాం. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి బూట్లు కొనడానికి అదే సరైన వేళట. షాపు కుర్రాడు రెండు రకాలు చూపించాడు: విప్పి మార్చుకునే ముళ్ళవి, ముళ్ళు లేకుండా అడుగున రబ్బరు బుడిపెలున్నవి. 2010లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ టోర్నమెంట్‌లో ఫ్రెడ్ కపుల్స్ అనే ఆయన ముళ్ళులేని బూట్లతో ఆడి కనిపించేసరికి ఆ రకానికి గిరాకీ వచ్చిందట. బుడిపెలవైతే మార్కెట్‌కి కూడా వేసుకెళ్ళొచ్చు సార్, కానీ వానాకాలం తడిగడ్డి మీద ముళ్ళవే పట్టు అన్నాడు. నాకు బుడిపెలవి నచ్చాయి. కాలు పెడితే వేళ్ళు హాయిగా ఆడాయి. ధర చీటీ చూశాక అవీ ఆగిపోయాయి. ఒక్క ఉదయం కోసం అంత డబ్బా అని నేను లోపల్లోపల లెక్కలు వేస్తుంటే మా ఆవిడ అసలు సంగతి పట్టుకుంది.

"బావగారు ఇచ్చినవి వదిలేసి వేరేవి వేసుకెళ్తే ఏమనుకుంటారండీ? తొమ్మిదేళ్ళుగా వాడుతున్నానని చెప్పారుగా!"

తిరిగొచ్చి అటకెక్కాను. ఇత్తడి బిందెల వెనకాల, సంక్రాంతి బొమ్మల పెట్టె పక్కన, ఉన్నాయి బూట్లు. మీద చెయ్యి వేస్తే దుమ్ము, మూత తీస్తే తళతళ. లోపల ఆ తినకూడని చిన్న పొట్లం కూడా ఎక్కడిదక్కడే ఉంది. నా గుండె జారింది. ప్రతి ఆదివారం తొడిగిన బూట్లు ఇలా ఉంటాయా ఎక్కడైనా?

చాలామంది పాత బూట్లని కొత్తవిగా చూపించడానికి పాలిష్ చేస్తారు. ఆ రాత్రి పదకొండింటికి అపార్టుమెంటు సెల్లార్‌లో నేను కొత్త బూట్లని పాతవి చేశాను. పూలకుండీలోని ఎర్రమట్టి కలిపి పూశాను, కొబ్బరి పీచుతో రుద్దాను, ముక్కు దగ్గర రెండు గీతలు పెట్టాను, లేసులు టీ డికాక్షన్‌లో ముంచాను. కారు కింద నిద్రపోయే కుక్క లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది. వాచ్‌మన్ ఏమీ అడగలేదు కానీ ఆ తర్వాత వారం రోజులు నాతో చాలా మృదువుగా మాట్లాడాడు. పైభాగం మాత్రం అద్భుతంగా కుదిరింది. తిరగేసి చూడాలన్న ఆలోచన రాలేదు.

ఆదివారం. ఊరి చివర కోర్సు, రాత్రి కురిసిన వాన, గడ్డి నిండా నీళ్ళు. క్లబ్బు నియమం ప్రకారం కాలరున్న టీ షర్టు, బూట్లలో మడిచిపెట్టిన వేళ్ళు. అన్నయ్యగారి బూట్లకి లేసులే లేవు. పక్కన చిన్న చక్రం తిప్పితే అవే బిగుసుకున్నాయి. నా కాళ్ళకేసి చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత వాడావయ్యా!" అన్నారు. మాతో వచ్చిన కేడీ, అంటే కర్రల సంచీ మోసే అతను, కూడా చూశాడు. అతని చూపు వేరేగా ఉంది.

మొదటి దెబ్బకి నేల లేచింది, బంతి లేవలేదు. "ఇవాళ చెయ్యి తిరగట్లేదు" అన్నాను, నిన్న తిరిగినట్టు. అన్నయ్యగారు పెద్దమనసుతో, "సున్నా వాళ్ళకీ చెడ్డరోజులుంటాయి" అన్నారు.

నడుస్తూ బూట్ల చరిత్ర ఎత్తుకున్నారు. ఒకప్పుడు అందరూ ఇనప ముళ్ళే వాడేవారట. వాటితో గ్రీన్ మీద, అంటే రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, నడిస్తే పిల్లి గోళ్ళతో చాప గీరినట్టే. 1990ల మొదట్లో అమెరికాలోని ఐడహో వాళ్ళు ప్లాస్టిక్ ముళ్ళు కనిపెట్టాక, చాలా క్లబ్బులు ఇనప ముళ్ళని రానివ్వడం మానేశాయట. నేను వింటున్నానే గానీ ధ్యాసంతా కాళ్ళ మీదే. రెండో హోలు దాటాక అడుగు వేసినప్పుడల్లా కింద అప్పడం విరిగిన చప్పుడు. వెనక్కి చూస్తే నేను నడిచిన దారంతా బూడిదరంగు ముక్కలు, పాతబడి విరిగిన సున్నుండల్లా. కేడీ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాడు. పొడైపోయింది.

మూడో హోలు గ్రీన్ మీద పరిస్థితి ముదిరింది. నాలుగున్నర అంగుళాలు కూడా లేని రంధ్రం, దానికీ బంతికీ మధ్య నా బూటు తాలూకు శిథిలాలు. అన్నయ్యగారు వంగి చూశారు. రూల్సంటే ప్రాణం ఆయనకి. "బూటు ముళ్ళ గుర్తులు సరిచేసుకోవచ్చని 2019లో రూలు మార్చారు. ఇవి గుర్తులు కావు కదా, ముక్కలు. మనిషి చేసిన వస్తువు, కదిలించడానికి వీలైంది. తీసెయ్, పెనాల్టీ లేదు" అని తీర్పు చెప్పారు. ముగ్గురం గొంతుక్కూర్చుని ఏరాం.

నాలుగో హోలు దగ్గర, ఏమైతే అయిందని బలమంతా పెట్టి కొట్టాను. జీవితంలో మొదటిసారి బంతి గాల్లోకి లేచింది. దెబ్బ పూర్తయ్యేసరికి కుడి మడమ లేవాలి, అదే సరైన పద్ధతి. నా మడమ లేచింది. సోలు లేవలేదు. తడి నేలలో ముళ్ళు దిగేసుకుని, రాముడి పాదుకలా అక్కడే ఉండిపోయింది. నేను పైన తోలు, కింద మేజోడుతో ఒంటికాలి మీద ఆగాను. ఎడమ సోలు, ఆ బంతిని వెతుక్కుంటూ నేను దిగిన బంకరులో, అంటే ఇసుక గుంటలో, పోయింది. ఇసుకలోంచి దాన్ని తవ్వి తీసి, మళ్ళీ ఇసుక చదును చేసి వచ్చాడు కేడీ.

అన్నయ్యగారు దూరంగా ఫోన్ మాట్లాడుతున్నప్పుడు అతను నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "వేసుకోని బూట్లే సార్ ఇట్లయ్యేది. లోపలి మెత్త గాలిలో తేమకి పొడైపోతది. తోలు మంచిగనే ఉంటది, లోపల సరుకుండదు. ఏడెనిమిదేళ్ళు డబ్బాల పెట్టిండ్రా?"

"తొమ్మిది" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. అతని చేతిలో ఐదు వందలు పెట్టాను. "నాకేం తెల్వదు సార్" అన్నాడు నవ్వకుండా. ఇంతకన్నా మర్యాదస్తుణ్ణి మా బ్యాంకులో కూడా చూడలేదు.

అన్నయ్యగారు తిరిగొచ్చి నా రెండు సోళ్ళనీ చూసి నన్ను కావలించుకున్నారు. "నేనిచ్చిన బూట్లు అరిగి అరిగి ఊడిపోయేదాకా ఆడావా తమ్ముడూ!" అన్నారు. మేజోళ్ళతో తడిగడ్డి మీద నిలబడి, వేళ్ళు తొమ్మిదేళ్ళ తర్వాత బారుగా చాపుకుని, నేనా పొగడ్తని వినయంగా స్వీకరించాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకూ ఆడినట్టే అనిపించింది.

అంతటితో వదిలేసే మనిషైతే ఇంజనీరు ఎందుకవుతారు? సోళ్ళు రెండూ కవర్లో వేసి ఇంటికి తెచ్చారు. ఫొటోలు తీసి కంపెనీకి రాస్తారట, తొమ్మిదేళ్ళు వాడినా సరే సోలు అలా ఊడకూడదట. టిఫిన్ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని, సోళ్ళని కుళాయి కింద కడిగి, బల్ల మీద పేపరు పరిచి బోర్లించారు. నాలుగు ఫొటోలు తీశారు. అయిదోదానికి ఆగారు. ఒక ముల్లు మీద వేలు పెట్టి తిప్పి చూశారు. పక్కది చూశారు. మొత్తం పద్నాలుగూ చూశారు. ఒక్కటీ అరగలేదు. కంపెనీ గుర్తు అక్షరం చెక్కుచెదరకుండా మెరుస్తోంది.

వంటింట్లో నూనె చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం.

"అమ్మాయ్" అని పిలిచారు మా ఆవిణ్ణి. "మీ ఆయన గాల్లో నడుస్తాడని నాకెప్పుడూ చెప్పలేదేమ్మా!"

"ఇంకో రెండు పూరీలు వెయ్యనా బావగారూ?" అంది మా ఆవిడ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నావైపు తిరిగారు. "సైజెంత? ఈసారైనా నిజం చెప్పు."

"ఎనిమిదే అన్నయ్యగారూ" అన్నాను. "మీ లెక్కలో తొమ్మిది."