సమురాయ్ క్యాంపెయిన్‌లో ఆటగాడికి స్వేచ్ఛ లేదనడం అబద్ధం

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక పాత్రగా కథ నడిపే ఆట; చాలా పూటలు సాగే కథను క్యాంపెయిన్ అంటారు. అది ఆడేవాళ్ల మధ్య ఒక మాట బాగా చలామణిలో ఉంది: "భూస్వామ్య జపాన్ నేపథ్యంగా క్యాంపెయిన్ నడపడం దండగ. సమురాయ్ అయితే ప్రభువు ఆజ్ఞ పాటించాలి, లేదా కడుపు కోసుకోవాలి. ఆయుధమంటే కత్తి ఒక్కటే. రైతులకు, స్త్రీలకు కథలో చోటే లేదు." ఇది నమ్మి, కథను నడిపించే గేమ్ మాస్టర్లు ఒక గొప్ప ఆటను మొదలుపెట్టకుండానే వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే ఇందులో ఒక్క ముక్క కూడా చరిత్ర ముందు నిలవదు.

ముందు విధేయత సంగతి. ప్రభువు కోసం మారుమాట లేకుండా చావాలని బోధించిన 'హగాకురే' అనే పుస్తకం 18వ శతాబ్దం ఆరంభంలో, పెద్ద యుద్ధాలు ముగిసిన చాలాకాలానికి పుట్టింది. ఆ మాటలు చెప్పిన యమమోతో త్సునెతోమో యుద్ధరంగం చూసినవాడు కాదు. బుషిదోను, అంటే సమురాయ్ నీతిని, ప్రపంచానికి పరిచయం చేసిన నితోబే ఇనాజో పుస్తకమైతే 1900లో ఇంగ్లీషులో వెలువడింది. యుద్ధాల కాలపు సమురాయ్‌లను వీటితో కొలవడం అన్యాయం.

అసలు సమురాయ్ ఎలా ఉండేవాడో తకెజాకి సుయెనాగాను చూస్తే తెలుస్తుంది. 1274లో మంగోలులు దండెత్తినప్పుడు అతడు కొద్దిమందితో శత్రువుల మీదికి దూకాడు, గుర్రం దెబ్బతింది, తోటి యోధులు వచ్చి కాపాడారు. బహుమానం మాత్రం రాలేదు. ఊరుకున్నాడా? గుర్రాలు, జీనులు అమ్మి దారిఖర్చులు సమకూర్చుకుని, మరుసటి ఏడాది క్యూషూ దీవి నుంచి, సమురాయ్ ప్రభుత్వం ఉన్న కమకురా దాకా వెళ్లాడు. అదాచి యసుమొరి అనే పెద్ద అధికారి ఎదుట తన సేవను ఏకరువు పెట్టి, వాదించి, భూమి మీద అధికారం, ఒక గుర్రం సాధించుకుని వచ్చాడు. ఆ కథంతా బొమ్మల చుట్టలుగా గీయించాడు కూడా. సేవకు ప్రతిఫలం అడగడం అప్పట్లో తప్పు కాదు, హక్కు. యుద్ధం ముగిశాక ఎవరు ఏం చేశారో, ఎవరికి ఎక్కడ గాయమైందో రాసి, సాక్షుల పేర్లతో సేనానికి సమర్పించేవాళ్లు.

దీన్ని ఆటలోకి తెచ్చి చూడండి. పోరు ముగిశాక ప్రతి ఆటగాడూ తన పాత్ర తరఫున అలాంటి పత్రం రాయాలి. సాక్ష్యం చెప్పాల్సినవాడు పక్కనే కూర్చున్న మిత్రుడు, బహుమానానికి పోటీదారూ అతడే. పాచికలు ముట్టుకోకుండానే ఆ పూటంతా గడిచిపోతుంది.

సెంగోకు కాలానికి, అంటే ప్రభువులు ఒకరితో ఒకరు పోరాడిన 15, 16 శతాబ్దాలకు వస్తే స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. అకెచి మిత్సుహిదే 1582లో తన ప్రభువు ఓదా నొబునాగా మీదే తిరగబడ్డాడు. కొబయకవా హిదెయాకి 1600లో సెకిగహరా యుద్ధం మధ్యలో పక్షం మార్చాడు. తోదో తకతోరా ఎందరో ప్రభువుల కొలువు మారి చివరికి తానే డైమ్యో (ప్రాంతీయ ప్రభువు) అయ్యాడు, కడుపు కోసుకోలేదు.

కత్తి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తొలి శతాబ్దాల్లో యోధుడికి పేరు తెచ్చింది గుర్రం మీది విలువిద్య, తర్వాత పొడవాటి ఈటెలు రాజ్యమేలాయి. 1543లో పోర్చుగీసువారితో తనెగషిమా దీవికి తుపాకీ వచ్చింది, 1575 నాటి నగషినో యుద్ధంలో వాటిదే ప్రధాన పాత్ర. మీ ఆటలో తుపాకీ పేలితే వాతావరణం చెడిపోదు, ఆ కాలమే కళ్లకు కడుతుంది.

ఇక స్త్రీలకు చోటు లేదా? 1232 నాటి కమకురా చట్టం సంతానం లేని స్త్రీ దత్తత తీసుకుని తన భూమి అప్పగించడాన్ని ఒప్పుకుంది. అంతకుముందు, 1221లో క్యోటోలోని రాజదర్బారుతో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు సామంతులను కూడగట్టింది హోజో మసాకో. ఆమె కూడా, కమకురా ప్రభుత్వాన్ని స్థాపించిన తన భర్త యోరితోమో వాళ్లకు చేసిన మేలునే గుర్తుచేసింది.

రైతుల మాటకు జవాబు కగా రాష్ట్రం. 1488లో జోదో షిన్ బౌద్ధ శాఖను నమ్మిన రైతులు, పూజారులు, చిన్నపాటి సమురాయ్‌లు ఏకమై పాలకుడు తొగషి మసచికాను కూలదోశారు. 1580 దాకా దాదాపు నూరేళ్లు ఆ రాష్ట్రం వాళ్ల గుప్పిట్లోనే ఉంది. రైతుల ఆయుధాలు లాక్కోమని అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి 1588లో ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చిందంటేనే, అవి అప్పటిదాకా వాళ్ల ఇళ్లలో ఉన్నాయని అర్థం. క్యాంపెయిన్‌ను 1488 కగాలో, పాలకుడు కూలిన మరునాడు మొదలుపెట్టండి. ఒక ఆటగాడు పూజారి, ఒకరు గ్రామపెద్ద, ఒకరు భూమి పోగొట్టుకున్న సమురాయ్. ఈ ఏడాది ధాన్యం పన్ను ఎవరి గిడ్డంగికి చేరాలో ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి.