లంబసింగి వెళ్ళడానికి ఆల్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు

నవంబరు దాటిందంటే మన వైజాగ్‌లో కారు కొందామనుకునే ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. అరకు, లంబసింగి, వంజంగి తిరగాలి, తెల్లవారుజామున మంచు, ఘాట్ రోడ్డంతా తడి. కాబట్టి ఇంజిన్ ముందు చక్రాలని తిప్పే ఫ్రంట్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా, వెనక చక్రాలని తిప్పే రియర్ వీల్ డ్రైవా, లేకపోతే లోను ఇంకాస్త పెంచుకుని నాలుగింటినీ తిప్పే ఆల్ వీల్ డ్రైవ్‌కి వెళ్ళిపోవాలా? నా మాట సూటిగా చెప్పేస్తాను. మన చలికాలానికి, మన ఘాట్లకి మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు చాలు. మిగిలే డబ్బులో కొంచెం టైర్ల మీద పెట్టండి. ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, పిల్లాపాపలతో కొండకి వెళ్ళేవాళ్ళ భయాన్ని చూపించి కార్లు అమ్ముతున్నారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

ముందు ఫ్రంట్ వీల్ సంగతి. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే ఉంటాయి కాబట్టి కారు బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే పడుతుంది. బరువు ఉన్న చోటే పట్టు. అందుకే స్విఫ్ట్ లాంటి చిన్న కార్లు కూడా తడి రోడ్డు మీద నమ్మకంగా కదులుతాయి. ఇబ్బంది ఎక్కడంటే, నిటారు ఎక్కుడులో బరువు వెనక్కి జరుగుతుంది. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, హెయిర్‌పిన్ మలుపు మధ్యలో ఆగి మళ్ళీ కదిలించబోతే లోపలి వైపు ముందు చక్రం కీచుమని తిరుగుతుంది. కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కకండి. మొదటి గేర్లో, నెమ్మదిగా వదలండి, ఎక్కుతుంది. మలుపులో స్పీడు ఎక్కువైతే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా బయటి వైపుకే పోతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలావరకు దారిలోకి వస్తుంది. కొత్తవాడికి కూడా అర్థమయ్యే ప్రవర్తన ఇది.

రియర్ వీల్ డ్రైవ్‌ని చలికాలానికి పనికిరాదని కొట్టిపారేసేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. అంబాసిడర్ వెనక చక్రాల బండే. ఇవాళ అరకు ట్రిప్పులు కొట్టే ఇన్నోవా క్రిస్టాలు, బొలేరోలు అవే. నిండా జనంతో ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది కాబట్టి వెనక చక్రాలకి పట్టు ఇంకా పెరుగుతుంది. జాగ్రత్త పడాల్సింది ఖాళీ బండితో. తడి మలుపులో గట్టిగా తొక్కినా, దిగుతూ ఒక్కసారిగా గేరు తగ్గించినా వెనక భాగం పక్కకి జారుతుంది. చేయి తిరిగిన డ్రైవర్‌కి అది తెలుసు. మొన్న లైసెన్సు వచ్చిన కుర్రాడికి తెలియదు. అందుకే కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి ఫ్రంట్ వీలే మంచిదంటాను.

ఆల్ వీల్ డ్రైవ్ అయితే నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందుతుంది. రోడ్డు మీద మంచు పేరుకుపోయే మనాలీ, సేలా పాస్ లాంటి చోట్ల దాని విలువ కాదనలేం. కానీ అది సాయం చేసేది బండి ముందుకు కదలడానికి. ఆగడానికి కాదు. బ్రేకులు ఆల్టోకైనా ఫార్చూనర్‌కైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. రోడ్డుని పట్టుకునేది అరచేయంత టైరు భాగం, అది జారిందంటే ఆ చక్రానికి ఇంజిన్ కలిసి ఉందా లేదా అన్నది రోడ్డుకి అనవసరం. పైగా ఆల్ వీల్ బండి బరువు ఎక్కువ, ఆపడానికి ఇంకాస్త కష్టం. ఇంకో చిక్కు కూడా ఉంది. చక్రం ఉన్నచోటే జారి తిరక్కుండా సాఫీగా ఎక్కేస్తుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవర్‌కి తెలియదు. తెలిసేది దిగేటప్పుడు.

మన ఘాట్లలో అసలు పరీక్ష దిగేటప్పుడే. గాలికొండ దాటి అనంతగిరి, టైడా మీదుగా శృంగవరపుకోట వైపు దిగే దారిలో చెట్ల నీడ పడేచోట్ల పొద్దెక్కినా తడి ఆరదు. ట్రాక్టర్ చక్రాలకి అంటుకొచ్చిన ఎర్రమట్టి, రాలిన ఆకులు, వాటి మీద రాత్రి కురిసిన మంచు. అక్కడ కాపాడేది గేరు. ఏ గేర్లో ఎక్కామో అదే గేర్లో దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళని చూస్తే నా గుండె ఆగిపోతుంది. ఇప్పటి ఇంజిన్లు గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి ఇంధనం పోతూనే ఉంటుంది. అంటే ఆదా కూడా లేదు, ఉన్నదల్లా ప్రమాదమే. కింద దాకా బ్రేకు మీదే దిగితే బ్రేకులు వేడెక్కి మాడు వాసన వస్తాయి, పట్టు తగ్గిపోతుంది. ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్ళు ఎల్ (లో గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ ఎలా వాడాలో కొండెక్కే ముందే నేర్చుకోండి.

ఇవేవీ షోరూముల్లో చెప్పరు. మా పక్క ఫ్లాట్ వాళ్ళతో పాటు ఈమధ్య ఒక షోరూముకి వెళ్ళాను. అక్కడి సేల్స్ అబ్బాయి పక్క ఫ్లాట్ ఆవిడ వైపు తిరిగి, "చలికాలం ఘాట్‌లో పిల్లలతో వెళ్తారు కదా మేడమ్, ఆల్ వీల్ ఉంటే ఇంక టెన్షన్ ఉండదు" అన్నాడు. ఆవిడ మొహంలో భయం నాకు కనిపించింది. దిగడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, టైర్ల గురించి అసలే లేదు. ఏడాదికి ఓ రెండు మూడు సార్లు అరకు వెళ్ళి, మిగతా రోజులన్నీ ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో నలిగే బండికి అంత అదనపు డబ్బు, తక్కువ మైలేజీ ఎందుకు? బండి ఎత్తుగా ఉంటే నాలుగు చక్రాలూ లాగుతాయనుకునేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. మన దగ్గర అమ్ముడయ్యే క్రెటా, నెక్సాన్, బ్రెజా అన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లే. వాటిలో హాయిగా అరకు వెళ్ళొస్తూనే ఉన్నారు కదా.

టైర్ల దగ్గరికి వద్దాం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ టైరు చట్టప్రకారం మార్చేయాలి. గాడి అడుగున చిన్న దిమ్మెలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే పని అయిపోయినట్టే. నేనైతే అంతవరకు ఆగవద్దంటాను, తడి రోడ్డు మీద పట్టు అంతకు ముందే తగ్గిపోతుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. ఎక్కువ తిరగని బండికి గాడి బాగానే ఉంటుంది గానీ రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తాయి. మన బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఎండకి ఎండుతూ నిలబడిన కార్లలో ఇలాంటివి ఎన్నో.

మా చెల్లెలు మాంట్రియల్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్ళిన కొత్తలో ఆల్ వీల్ డ్రైవ్ కొనుక్కోమని ఇక్కడి నుంచి అందరం ఫోన్లలో ఒకటే పోరు. వాళ్ళకి క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి, ఏ చక్రాల బండైనా సరే. ఏడు డిగ్రీల కంటే చల్లబడితే మామూలు వేసవి టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. చలికాలపు టైరు మెత్తగానే ఉంటుంది. గడ్డకట్టే చలిలో ప్రభుత్వం పట్టుబట్టింది టైర్ల మీద, ఆల్ వీల్ మీద కాదు. పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న తల్లిదండ్రులు ఫోన్లో అడగాల్సింది టైర్లు మార్చారా అనే.

ఒక చోట మాత్రం ఫోర్ బై ఫోర్, అంటే అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకీ శక్తి అందేలా మార్చుకోగల బండి, పనికొస్తుంది. సీజన్లో లంబసింగి దగ్గర రోడ్డు పక్క పొలాల్లో బండ్లు ఆపేస్తారు. మంచుకి తడిసిన గడ్డి, కింద మెత్తటి మట్టి. పోయిన జనవరిలో ఒక కారు ముందు చక్రాలు అలా తిరిగి తిరిగి గుంట చేసేసుకున్నాయి. ఓనరు ఇంకా తొక్కుతున్నాడు, వెనక తోసేవాళ్ళ బట్టలన్నీ బురద. టీ కొట్టు పెద్దాయన వచ్చి, "ఆపు బాబూ, ఆపు" అని రెండు గోనెసంచులు చక్రాల కింద దూర్చి, రెండో గేర్లో మెల్లగా వదలమన్నాడు. ఒక్క తడవలో బయటికొచ్చింది. థార్ ఫోర్ బై ఫోర్, జిమ్నీ ఉన్నవాళ్ళకి ఆ గోనెసంచి అవసరం ఉండదు. కానీ వాళ్ళకీ ఒక మాట. వాటిలో ఫోర్ వీల్ మోడ్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా కట్టుబడిపోతాయి. పొడి తారు రోడ్డు మీద అదే మోడ్‌లో మలుపులు తిరిగితే గేర్ల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. మట్టిలోంచి బయటికి రాగానే టూ వీల్‌కి మార్చేయండి.

ఇక పొగమంచు. అందులో ఏ డ్రైవ్ అయినా ఒకటే. హై బీమ్ వేస్తే వెలుగు మంచు మీద పడి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, లో బీమ్‌లోనే వెళ్ళండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్ళే అలవాటు మానండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. మలుపుకి ముందు హారన్ కొట్టండి. అసలేమీ కనపడకపోతే రోడ్డు మీంచి పూర్తిగా పక్కకి దిగే చోటు చూసుకుని ఆగండి. సూర్యోదయం చూడాలని రాత్రి రెండింటికి బయల్దేరి, నిద్రకళ్ళతో నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కే బదులు, ముందు రోజు సాయంత్రం వెలుగుండగానే పైకి చేరి అక్కడే పడుకోండి.