పడిపోయినవాడికి పోస్టుమార్టం మనమే చేసేస్తాం

ఆదివారం పొద్దున వైజాగ్ బీచ్ రోడ్డులో నడక ముగించి, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర టీ తాగుతున్నాం. మా బ్యాచ్‌లో ఒకాయన ఫోన్ ముందుకు పెట్టాడు. ఎక్కడో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు, పక్కన ఎవరూ తగలకుండానే బోర్లా పడిపోయిన వీడియో. "వ్యాక్సిన్ అండీ, ఇంకేటి" అన్నారొకరు. "కాదులెండి, ఏదో వాడుంటాడు, వీళ్ళంతా డోపింగే" అన్నారు ఇంకొకరు. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు పోస్టుమార్టం రిపోర్టు వచ్చేసింది.

నాకు ఒళ్ళు మండింది. అక్కడ అరిస్తే బాగోదని ఇంటికొచ్చి ఇక్కడ అరుస్తున్నా.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో, ఫిన్లాండ్‌తో మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కూలిపోయినప్పుడూ ఇంతే. వ్యాక్సిన్ వల్లేనని గంటల్లో ఊరూవాడా తిరిగింది. తీరా చూస్తే ఆయన వ్యాక్సినే వేయించుకోలేదని, కోవిడ్ కూడా రాలేదని అప్పట్లో ఆయన ఆడే ఇంటర్ మిలాన్ క్లబ్ డైరెక్టరే చెప్పాడు. ఆ మాట ఎంతమందికి చేరింది? మా టీ బ్యాచ్‌కి మాత్రం ఇప్పటికీ చేరలేదు.

మనవాళ్ళు అన్నిటికీ హార్ట్ ఎటాక్ అనేస్తారు. హార్ట్ ఎటాక్ అంటే గుండెకి వెళ్ళే రక్తనాళం మూసుకుపోవడం, అంటే పైపు సమస్య. మైదానంలో కుర్రాళ్ళు పడిపోయేది ఎక్కువగా కార్డియాక్ అరెస్ట్‌తో, అది కరెంటు సమస్య. గుండె కొట్టుకోవడం మాని గిలగిల్లాడుతుంది. ముప్పై అయిదు దాటినవాళ్ళలో పైపు గొడవలే ఎక్కువ. అంతకంటే చిన్నవాళ్ళలో చాలాసార్లు పుట్టుకతో వచ్చిన లోపమే కారణం. కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె 2003 జూన్ 26న లియోన్‌లో, 28 ఏళ్ళకే ఆడుతూ పోయాడు. గుండె కండరం మందంగా పెరిగే హైపర్ట్రోఫిక్ కార్డియోమయోపతి అని తేలింది. దాదాపు 500 మందిలో ఒకరికి ఉండే జబ్బు ఇది. కొందరిలో మొదటి లక్షణమే చావు. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఛాతీకి దెబ్బ తగిలి పడిపోయాడు. గుండె కొట్టుకునే లయలో సరిగ్గా ఒక సున్నితమైన క్షణాన ఆ దెబ్బ తగలబట్టి గుండె ఆగిపోయింది. వీళ్ళలో ఎవరు ఏం వాడారని అనుమానం?

అలాగని డోపింగ్ లేదా? బోలెడుంది. నా అసలు కోపం అక్కడే. పడిపోయినవాడిని "ఏం వాడాడో" అని అడిగేవాళ్ళం, కళ్ళముందు వాడుతున్నవాడిని ఒక్క ముక్క అడగం.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) లెక్కల్లో 2023లో మన దేశంలో 5,606 శాంపిళ్ళు తీస్తే 213లో నిషేధిత మందులు దొరికాయి. అంటే 3.8 శాతం. అంత పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో మనదే పైచేయి, ఏడవాలో నవ్వాలో తెలీదు. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకి మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ళు వచ్చారని తెలిసి, పురుషుల వంద మీటర్ల ఫైనల్‌కి ఒకే ఒక్కడు వచ్చాడు. ఒక్కడే పరిగెత్తి గెలిచాడు! మిగతావాళ్ళకి ఉన్నట్టుండి కండరాలు పట్టేశాయట.

ఇక మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు 400 మీటర్లు పరిగెడతాడు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వాడి ఆశ. పోయిన నెల ఛార్జర్ కోసం వాడి బ్యాగు తెరిచాను. చెమట కంపు కొట్టే తువ్వాలులో చుట్టి ఒక చిన్న మందు సీసా, నాలుగు సిరంజిలు. లేబుల్ సగం గీకేసి ఉంది, మెఫెంటర్మిన్ అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. ఆపరేషన్‌లో మత్తిచ్చాక పడిపోయిన బీపీని పైకి లేపడానికి డాక్టర్లు వాడే ఇంజెక్షన్ అది! జిమ్‌లో ట్రైనర్ ఇచ్చాడట.

"అదేటీ కాదు మావయ్యా, ఎనర్జీకి. అందరూ వేసుకుంటారు."

వాడి భుజాల నిండా మొటిమలు. వయసు పొగరనుకున్నాం ఇన్నాళ్ళూ. గట్టిగా అడిగితే స్టెరాయిడ్ కూడా రెండు విడతలు అయిందని చెప్పాడు. కండ కోసం పొడుచుకున్నది చేతి కండ దగ్గరే ఆగదు, గుండె కండని కూడా మందం చేసి బిరుసెక్కిస్తుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. దాని మీద బీపీ లేపే ఇంజెక్షన్ వేసుకుని, మే నెల వైజాగ్ ఉక్కపోతలో పరుగు. దగ్గుమందులో ఉన్న నిషేధిత మందుకే 2019లో క్రికెటర్ పృథ్వీ షాకి ఎనిమిది నెలల నిషేధం పడింది. ఇక్కడ జిమ్ కౌంటర్‌లో ప్రోటీన్ డబ్బా పక్కనే దొరుకుతోంది, అడిగే నాథుడు లేడు.

పోటీలు పెట్టేవాళ్ళ సంగతీ ఇంతే. ఆమధ్య ఒక 10కే పరుగుకి పేరిచ్చి, గుండె ఆగితే షాక్ ఇచ్చే డబ్బా గురించి "ఏఈడీ ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాను. టీషర్టులు పంచుతున్న కుర్రాడు లిస్టంతా వెతికి, "ఆ పేరుతో ఎవరూ లేరు సార్" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఎవరైనా చెబితే కదా. ఆ డబ్బా రావడం ఒక్కో నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం సుమారు పదో వంతు తగ్గిపోతుంది. ఎరిక్సన్ లేచాడంటే గడ్డి మీదే ఛాతీ నొక్కి, అక్కడే షాక్ ఇచ్చారు గనక. ఎనిమిది నెలలకి ఛాతీలో పరికరంతో మళ్ళీ ప్రీమియర్ లీగ్‌లో ఆడాడు. మన దగ్గర పడితే ముందు వీడియో తీస్తారు, తర్వాత ఆటో పిలుస్తారు.

ఇటలీలో పోటీల్లో దిగే క్రీడాకారులకి ఈసీజీతో గుండె పరీక్ష 1982 నుంచీ తప్పనిసరి. మనవాడికి మొన్న నేనే తీయించాను, మూడొందలైంది. నార్మల్ వచ్చింది. అదే కొంప ముంచింది. "చూశావా మావయ్యా, ఏం కాలేదు" అని ఆ కాగితం వాళ్ళమ్మకి చూపించాడు. స్టెరాయిడ్ చేసే చెరుపు ఒక్క ఈసీజీలో కనబడాలని లేదురా అంటే వినడు. శనివారం గుండె స్కానింగ్‌కి, అదే ఎకోకి, టైం తీసుకున్నా. ఆ ట్రైనర్‌ని కూడా రమ్మని మెసేజ్ పెట్టాను. చూశాడు, రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు లేదు.