గిన్నెల గాలిమీటరు మీద తిరుగుతున్న ప్రచారానికి ఖండన

అక్టోబరు వచ్చి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడగానే నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. రొయ్యల రైతుల గ్రూపుల నుంచి, ఇంజనీరింగ్ కళాశాలల గ్రూపుల నుంచి అది నాకు ఎన్నోసార్లు వచ్చింది. దాని సారాంశం ఇది: "తిరిగే గిన్నెలతో గాలివేగం కొలిచే మీటర్లు 1846 నాటి పాత సరుకు. అవి గాలిని ఎప్పుడూ తక్కువ చేసి చూపుతాయి, అందుకే తుపాను వేగాలు తక్కువగా ప్రకటిస్తున్నారు. పెద్ద గాలికి ఆ గిన్నెలు ఎగిరిపోతాయి. సోనిక్ సెన్సరులో కదిలే భాగమే లేదు కనుక దానికి నిర్వహణ అక్కరలేదు, అది తప్పు చూపదు. రెండింటినీ ఒకే టవరు మీద పెట్టి చూశాం, అంకెలు కలవలేదు, ఇదే రుజువు. పాతవి పీకేసి సోనిక్ పెట్టించండి."

నెల్లూరు జిల్లా తీరంలో, సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉన్న ఒక వాతావరణ టవరు బాగోగులు నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఆ టవరు మీద రెండు రకాల పరికరాలూ ఉన్నాయి. ధ్వనితో గాలివేగం కొలిచే సోనిక్ సెన్సరు మీద నాకు ఎలాంటి చిన్నచూపూ లేదు, దానిని కావాలని అడిగి పెట్టించుకున్నవారిలో నేనూ ఒకడిని. అయితే ఈ సందేశాన్ని నమ్మి కొందరు బాగా పనిచేస్తున్న గిన్నెల మీటర్లను దించేసి మూలన పడేశారు కాబట్టి, అందులోని ఒక్కొక్క మాటనూ విప్పి చూపవలసిన అవసరం కలిగింది.

పాతదనే మాటను త్వరగా ముగిస్తాను. ఐర్లండులోని ఆర్మా ఖగోళశాలలో థామస్ రామ్నీ రాబిన్సన్ నాలుగు గిన్నెల మీటరును 1846లో తయారు చేసిన మాట నిజమే. అయితే నేడు టవర్ల మీద కనిపించేది అది కాదు. కెనడాకు చెందిన జాన్ ప్యాటర్సన్ 1926లో మూడు గిన్నెల అమరికను ముందుకు తెచ్చారు, ఆ తరువాత గిన్నెల ఆకారం, బేరింగులు, తిరుగుడును లెక్కించే పద్ధతి అన్నీ మారుతూ వచ్చాయి. గాలిమరల సామర్థ్యాన్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం 2005 కూర్పులో గిన్నెల మీటరునే కోరింది, 2017 కూర్పులో సోనిక్‌కు కూడా చోటిచ్చింది కానీ గిన్నెలను తొలగించలేదు. కోట్ల రూపాయల ఒప్పందాలు ఆ కొలతల మీదే నడుస్తాయి.

ఇక "ఎప్పుడూ తక్కువ చూపుతుంది" అన్న మాట. ఈ పరికరం చరిత్రలో పేరుమోసిన తప్పు దీనికి సరిగ్గా ఎదురు దిశలో ఉంది. గిన్నెలు ఎంత పెద్దవైనా, వాటి చేతులు ఎంత పొడవైనా, అవి గాలివేగంలో మూడో వంతు వేగంతోనే తిరుగుతాయని రాబిన్సన్ భావించారు. అందుకని గిన్నెల వేగాన్ని మూడుతో గుణించేవారు. తరువాతి పరీక్షల్లో ఆ గుణకం చాలా మీటర్లకు మూడు కన్నా తక్కువేనని తేలింది. అంటే ఆ కాలపు రికార్డుల్లో ఎన్నో చోట్ల గాలి ఉన్నదానికన్నా ఎక్కువగా నమోదైంది. నేటి మీటర్లలోనూ ఒక సహజ గుణం ఎక్కువ వైపే మొగ్గుతుంది. గాలి విసురు వచ్చినప్పుడు గిన్నెలు చప్పున వేగం అందుకుంటాయి కానీ, విసురు తగ్గినప్పుడు అంత చప్పున నెమ్మదించవు. అందువల్ల చెట్ల మీదుగా, ఇళ్ల మీదుగా గింగిర్లు తిరుగుతూ వచ్చే గాలిలో సగటు ఒకటి రెండు శాతం ఎక్కువ పడవచ్చు.

తక్కువ చూపే సందర్భం ఒకటి ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. ఉప్పుగాలికి బేరింగు బిగుసుకుపోయినప్పుడు, లేదా గాలి మరీ మందంగా ఉన్నప్పుడు గిన్నెలు కదలవు. చాలా మీటర్లు సెకనుకు సుమారు అర మీటరు గాలి లేనిదే కదలవు, అరిగినవాటికి అంతకన్నా ఎక్కువ కావాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆకు కదలనప్పుడు గిన్నెల మీటరు సున్నా అని రాస్తుంది, సోనిక్ మాత్రం నేలను పాకుతూ వచ్చే సన్నని గాలిని పట్టుకుంటుంది. చెరువులో ప్రాణవాయువు పడిపోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా తిప్పవలసిన వేళ అదే కనుక, రొయ్యల రైతుకు ఆ సన్నని గాలి లెక్క నిజంగా అవసరం. ఆ పనికి సోనిక్ మేలని ఎవరు చెప్పినా నేను ఒప్పుకుంటాను. అయితే ఇది మందగాలి సంగతి. తుపాను వేగాలు తక్కువగా పడతాయన్న ఆరోపణకు ఇది ఆధారం కాదు.

తుపాను అంకెల్లో తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గరలో తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, విసురుల్లో 110 అని వాతావరణ శాఖ తెలిపింది. మన వాతావరణ శాఖ తుపానుకు చెప్పే నిలకడ వేగం మూడు నిమిషాల సగటు. అమెరికావారు ఒక నిమిషం సగటు చెబుతారు, ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం పది నిమిషాల సగటు. విసురు అంటే మూడు సెకన్ల సగటు. సముద్రం మీది నుంచి ఒడ్డుకు వచ్చే తుపాను గాలిలో మూడు సెకన్ల విసురు, పది నిమిషాల సగటుకు సుమారు 1.38 రెట్లు ఉంటుందని ఆ సంస్థ మార్గదర్శకాలు లెక్కగట్టాయి. అంటే ఒకే మీటరు, ఒకే టవరు, ఒకే పది నిమిషాలు, అయినా ఒకరు 100 అంటారు, మరొకరు 138 అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సోనిక్ సెన్సరు సెకనుకు పదిసార్లు కొలవగలదు కనుక, సగటు వేయకుండా అందులోని అతి పెద్ద అంకెను ఏరుకుని గిన్నెల మీటరు విసురు పక్కన పెడితే సోనిక్ ఎక్కువ చూపినట్టే కనిపిస్తుంది. ఆ తేడా పరికరానిది కాదు, లెక్క వేసినవారిది.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రమాణం ప్రకారం గాలిని 10 మీటర్ల ఎత్తున, ఖాళీ మైదానంలో, దగ్గరలోని చెట్టు లేదా ఇంటి ఎత్తుకు కనీసం పది రెట్ల దూరంలో కొలవాలి. 10 మీటర్ల ఎత్తున గంటకు 40 కిలోమీటర్ల గాలి ఉంటే, పచ్చిక నేల మీద 2 మీటర్ల ఎత్తున అది దాదాపు 30 మాత్రమే ఉంటుంది. చెరువు గట్టు మీద మనిషి ఎత్తు గుంజకు కట్టిన సెన్సరు అంకెను తెచ్చి ప్రకటించిన అంకెతో పోల్చి ఎవరినైనా తప్పుబట్టడం సరికాదు.

గిన్నెలు ఎగిరిపోతాయన్న మాటకు ఒక్క ఉదాహరణ చాలు. 1996 ఏప్రిల్ 10న ఆస్ట్రేలియాలోని బారో దీవిని ఒలీవియా తుపాను తాకినప్పుడు సెకనుకు 113.2 మీటర్ల విసురు, అంటే గంటకు 408 కిలోమీటర్లు, నమోదైంది. టోర్నడోలను మినహాయిస్తే భూమి మీద పరికరం కొలిచిన అతి పెద్ద విసురు అదేనని ప్రపంచ వాతావరణ సంస్థ 2010లో ధ్రువీకరించింది. దానిని కొలిచింది మూడు గిన్నెల మీటరు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసిన పెద్దలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. అంతటి గాలిలో ముందు కూలేది టవరు, తెగేది టవరును నిలబెట్టే స్టే తీగ, కొట్టుకొచ్చేది రేకు. ఆ దెబ్బ ఏ పరికరానికైనా ఒకటే.

"కదిలే భాగం లేదు కనుక తప్పు చూపదు" అన్నది ఈ సందేశంలో అందరికీ నచ్చే మాట, అందుకే అది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. సోనిక్ సెన్సరు చేసే పని ఇది: ఎదురెదురుగా ఉన్న రెండు చిన్న బిళ్లల మధ్య మన చెవికి వినపడని ధ్వనిని అటూ ఇటూ పంపి, అది చేరడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. గాలివాటున ధ్వని త్వరగా చేరుతుంది, ఎదురుగాలిలో ఆలస్యమవుతుంది. బిళ్లల మధ్య దూరం 15 సెంటీమీటర్లు, ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లు అనుకుంటే, సెకనుకు 10 మీటర్ల గాలిలో వెళ్లడానికి 416.7 మైక్రోసెకన్లు, తిరిగి రావడానికి 441.2 మైక్రోసెకన్లు పడుతుంది. తేడా 24.5 మైక్రోసెకన్లు. గాలి సెకనుకు ఒక మీటరే అయితే ఆ తేడా రెండున్నర మైక్రోసెకన్లకు మించదు. ఇంత సూక్ష్మమైన కాలాన్ని కొలిచే బిళ్ల మీద ఒక వాన చుక్క వేలాడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి జవాబుగా ఇంకొందరు ప్రచారం చేస్తున్న మాటను కూడా ఇక్కడే కాదనాలి. మే నెల ఎండకు గాలి వేడెక్కి ధ్వని వేగం మారుతుంది కనుక మన జిల్లాల్లో సోనిక్ పనికిరాదని వారు అంటున్నారు. ధ్వని వేగం మారుతుంది, అది నిజం. కానీ వెళ్లిన కాలాన్ని, వచ్చిన కాలాన్ని తిరగేసి, అంటే ఒకటిని వాటితో భాగించి, ఒకదానిలో నుంచి మరొకటి తీసేసినప్పుడు ధ్వని వేగం లెక్కలోంచి పూర్తిగా కొట్టుకుపోతుంది, గాలివేగం మాత్రమే మిగులుతుంది. సోనిక్‌ను కనిపెట్టినవారు ముందే ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది.

సోనిక్‌ను నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరు. మా టవరు మీద సెన్సరు బిళ్లలను నేను మెత్తటి తడిబట్టతో తుడిచిన ప్రతిసారీ బట్ట మీద తెల్లటి ఉప్పుపొర దిగుతుంది. ఒకసారి రెండు బిళ్లల మధ్య సాలెపురుగు అల్లిన గూడు మంచుకు తడిసి మెరుస్తూ కనిపించింది, ఆ ఉదయపు డేటా అంతా ముక్కలు ముక్కలుగా ఉంది. మరోసారి ప్రశాంతంగా ఉన్న మధ్యాహ్నం తుపాను స్థాయి విసురు నమోదైతే, పైకి చూస్తే సెన్సరు చేతుల మధ్య కాకి కూర్చుని రెక్కలు సవరించుకుంటోంది. ఇది మా ఊరి కాకి సమస్య మాత్రమే కాదు. అమెరికా వాతావరణ శాఖ 2000ల దశకంలో తన విమానాశ్రయ కేంద్రాల్లో గిన్నెల మీటర్ల స్థానంలో సోనిక్ సెన్సర్లు పెట్టినప్పుడు, పక్షులు వాలి లేని విసురులను పుట్టించడం అక్కడా పెద్ద తలనొప్పి అయింది. అదే మార్పులో విసురు లెక్క ఐదు సెకన్ల సగటు నుంచి మూడు సెకన్ల సగటుకు మారింది కనుక, గాలి మారకుండానే విసురుల అంకెలు పెరిగాయి. వీటన్నిటికీ తోడు కరెంటు సంగతి ఉంది. గిన్నెల మీటరు ఒక అయస్కాంతంతో చిన్న స్విచ్చిని మూసి తెరుస్తూ దాదాపు కరెంటు లేకుండానే తన తిరుగుళ్లను లెక్కపెట్టిస్తుంది. సోనిక్‌కు నిరంతరం విద్యుత్తు కావాలి. మూడు రోజులు మబ్బు పట్టి సౌరఫలకం పనిచేయక బ్యాటరీ దిగిపోయేది సరిగ్గా తుపాను వేళనే.

ఇక రుజువు కింద చూపిన పోలిక దగ్గరకు వద్దాం. సందేశంతో పాటు తిరిగే పట్టికలో సోనిక్ అంకెలు గిన్నెల అంకెల కన్నా స్థిరంగా ఎక్కువ ఉన్నాయి. మా టవరు మీద కూడా మొదటి వేసవిలో ఉదయం పూట ఇలాగే కనిపించి నేను కంగారుపడ్డాను. అప్పుడు గిన్నెల మీటరు టవరుకు తూర్పు వైపు చాచిన ఇనుప చేతి మీద, సోనిక్ పడమటి వైపు చేతి మీద ఉండేవి. మే నెలలో మన తీరాన ఉదయమంతా వెలికొండల వైపు నుంచి పడమటి వడగాలి వీస్తుంది. ఆ గాలి ముందు సోనిక్‌ను తాకి, ఆ తరువాత టవరు కడ్డీల మధ్య చీలి, నెమ్మదించి, గిన్నెలను చేరుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగినప్పుడు నేను అంకెలను నమోదు చేసే లాగరు ముందు కూర్చుని చూశాను. గాలి దిశ తూర్పు ఆగ్నేయానికి మళ్లిన కొద్ది నిమిషాల్లోనే వరస తారుమారైంది. ఇప్పుడు గిన్నెలు ఎక్కువ, సోనిక్ తక్కువ. పరికరాలు రెండూ ఉదయం ఉన్నవే, మారింది టవరు నీడ. ఉదయపు అంకెలను మాత్రమే పట్టికగా వేసి పంచితే గిన్నెలదే తప్పని ఎవరైనా నమ్ముతారు, సాయంత్రపువి పంచితే సోనిక్‌దే తప్పని నమ్ముతారు. ఆ తరువాత చేతులను ఉత్తర దక్షిణాలకు తిప్పించి, టవరు వెడల్పుకు నాలుగు రెట్ల పొడవుకు పెంచాం. గాలి నేరుగా తూర్పు నుంచో పడమర నుంచో వీచిన గంటలను మాత్రమే ఏరి పోల్చితే, మందగాలి గంటలు, జోరువాన గంటలు మినహా రెండూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. తిరుగుతున్న ఆ పట్టికలో గాలి దిశ అన్న గడే లేదు. దిశ లేని పోలిక దేనికీ రుజువు కాదు.

చివరి మాట, పాతవి పీకేయమన్నది. ఒక చోట పదేళ్లుగా గిన్నెల మీటరు రాసిన లెక్క ఉన్నప్పుడు, ఒక రోజున దానిని తీసేసి సోనిక్ పెడితే, ఆ రోజు నుంచి కనిపించే మార్పు గాలిదో పరికరానిదో ఆ తరువాత ఎవరూ తేల్చలేరు. అందుకే పరికరం మార్చేటప్పుడు పాతదానిని, కొత్తదానిని కనీసం ఏడాది పాటు కలిపి నడపాలని ప్రపంచ వాతావరణ సంస్థ సూచిస్తుంది. మన తీరానికి ఆ ఏడాది మరీ అవసరం, ఎందుకంటే వేసవి వడగాలి, నైరుతి రుతుపవనాల గాలి, అక్టోబరు నుంచి వచ్చే ఈశాన్య గాలి, ఇవన్నీ వేర్వేరు దిక్కుల నుంచి, వేర్వేరు బలంతో రెండు పరికరాలనూ పరీక్షించాలి. ఈ సందేశం నమ్మి మీటరు దించినవారికి నా విన్నపం ఒకటే. అది ఇంకా మూలన ఉంటే, గిన్నెలను చేతితో తిప్పి వదిలి చూడండి. గరగరమంటూ చప్పున ఆగిపోతే బేరింగులు మార్పించండి, మెత్తగా చాలాసేపు తిరిగితే అలాగే ఉంచండి. తుపాను కాలం రాకముందే దానిని సోనిక్‌తో సమానమైన ఎత్తున మళ్లీ బిగించి, రెండింటి అంకెలూ ఒకే లాగరులో, ఒకే గడియారంతో, ఒకే సగటు నిడివితో, గాలి దిశతో సహా నమోదయ్యేలా చూడండి.